పిచ్చుక వేళ్ళు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక పురుగులు పట్టిపోనీ అమ్మడూ. పురుగుల మీద ఒట్టంటే నాకు ఆషామాషీ కాదు. బతుకంతా వాటికి వండిపెట్టినదాన్ని.

ప్రయోగశాలలో సూక్ష్మక్రిములు పెరగడానికి గాజుపళ్ళాల్లో జెల్లీ కాచి పోసేదాన్ని. నా చేతి వంట తిన్న క్రిములు తెల్లారేసరికి మూత ఎత్తి తొంగిచూసేవి!

అక్కడో పరిశోధక పిల్ల ఉండేది. ఎంత సన్నమంటే, తలుపు తియ్యకుండా సందులోంచే వచ్చేసేది. అందరం పిచ్చుక అనేవాళ్ళం. ఎడమ చిటికెనవేలు సగమే. ఊరవతల సరస్సు నీళ్ళు తెచ్చి కిరణాల గదిలో పెట్టింది. ఏనుగుల మందనైనా మాడ్చేసే కిరణాలవి. నీళ్ళలో ఉన్నవన్నీ చచ్చాయి, ఒక్క గులాబీరంగు క్రిమి తప్ప. దాని జన్యువులు చదివి తెలిసిన జాతులన్నిటితోనూ పోల్చింది. దేనితోనూ కలవలేదు. కొత్త జాతి!

"అత్తా, కనిపెట్టినవాళ్ళు తమ పేరే పెట్టుకోకూడదు. మా అమ్మ పేరు పెడతా," అని నా మెడకి వేలాడింది.

మా ప్రయోగశాల పెద్దసారు మూతి ముడిచాడు. "మళ్ళీ నీళ్ళు తే. మళ్ళీ దొరికితే నమ్ముతా."

"గాలివాన సార్..."

"ఎగిరిపోతావా, పిచ్చుకా?"

పడవ ఒక్కటే తిరిగొచ్చింది. బోర్లా.

పిల్ల శవం దొరక్కముందే ఆ క్రిమికి సారు తన పేరు పెట్టుకున్నాడు. ఆ విద్యలో అంతకన్నా సిగ్గుమాలిన పని లేదు.

"పిచ్చుక వాళ్ళమ్మ పేరండీ," అన్నాను.

"నీళ్ళలో పోయినదాని మాట నీళ్ళలోనే పోయింది. నువ్వు జెల్లీ కాచుకో."

ఆ మధ్యాహ్నమే కిరణాల గదిలోంచి ఒక పళ్ళెం తెచ్చి వెలుతురుకి పట్టాడు. చుక్కలుగా పెరగాల్సిన క్రిమి చెయ్యిలా పెరిగి ఉంది. చిన్న అరచెయ్యి. చిటికెనవేలు సగం.

"ఎవరిదీ వేళాకోళం?" అంటూ మూత తీసి వాసన చూశాడు. చూడకూడదని అందరికీ పాఠం చెప్పేది ఆయనే. పాత అలవాటు, పోదుగా!

మొహం పాలిపోయింది. "నాచు వాసన... తడిజుట్టు వాసన..." దగ్గాడు. చేతిరుమాలు గులాబీరంగయింది.

కుళాయి కింద నోరు పెట్టాడు. సబ్బుతో తోమాడు. స్పిరిట్‌తో పుక్కిలించాడు. నాలుక మీద ఆ రంగు పాకుతూనే ఉంది... అప్పుడు ఆయన గొంతులోంచి వినిపించింది. ఆయన గొంతు కాదు.

"గాలివాన సార్..."

"చంపేస్తా... అన్నిటినీ చంపేస్తా..." పరుగెత్తి కిరణాల గదిలో దూరి తలుపేసుకున్నాడు. బాదాం. అరిచాం. తియ్యలేదు.

ఆ క్రిమి చావదు. ఆ గదిలో చావగలిగింది ఆయనొక్కడే.

ఆ తర్వాత మారుమాట లేకుండా పిచ్చుక వాళ్ళమ్మ పేరే పెట్టారు. పగ తీరిందంటావా?

బతికున్న క్రిమిని నెలనెలా కొత్త జెల్లీలోకి మార్చాలి. లేకపోతే ఆకలికి చస్తుంది. ఒక పళ్ళెం నేనూ ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడందులో రెండు చేతులు పెరుగుతున్నాయి. చిన్న చెయ్యి పెద్ద చేతి మణికట్టు పట్టుకుని ఉంటుంది. మార్చినప్పుడల్లా పెద్ద చేతికి ఒక వేలు తగ్గుతోంది...

లే, అమ్మడూ. ఫ్రిజ్‌లో పాలగిన్నె వెనకుంది. పెద్ద చేతికి ఇంకా వేళ్ళేమైనా మిగిలాయేమో చూసిరా. మూత నేను గట్టిగానే పెట్టాను. తీసి ఉంటే మాత్రం... ఊపిరి పీల్చకుండా వెనక్కి వచ్చెయ్.