కన్నతల్లి వంతు ఆఖర్న

మా అమ్మ కుట్టుమిషన్ల కొట్లో నలుగురు తల్లులు చేరితే ఆ గోల వినాలి. నర్సమ్మ, టీచరమ్మ, పాలపిన్ని, మా అమ్మ. నలుగురి కొడుకులూ సైన్యంలో ఒకే శిబిరంలో ఉన్నారు. అక్కడ సెల్లు పనిచెయ్యదు. శిబిరం ఫోన్లోంచి అందరూ మా కొట్టు నంబరుకే చేస్తారు. దానికో కట్టుబాటుంది. ఎవరి కొడుకు చేసినా కన్నతల్లి వంతు ఆఖర్న. ముందే ఇస్తే ఉన్న కాస్త సమయాన్నీ ఏడుపుతో మింగేస్తుందని! ఆ రూలు పెట్టింది మా అమ్మే. అందరికంటే గట్టిగా ఏడ్చేదీ మా అమ్మే.

ఆ సాయంత్రం వాన. జల్లు కొడుతోందని షట్టర్ దించేశాం. లోపల తడిగుడ్డల వాసన, మిషన్ నూనె వాసన. సరిహద్దులో కాల్పులని పొద్దుట్నుంచీ వార్తలు. ఫోన్ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

"అన్నయ్య నా సైకిల్‌ని తుప్పు పట్టించి వెళ్ళాడుగా, తిడతానని భయపడి చెయ్యట్లేదు" అన్నాను.

"కాసేపు నోరు మూసుకోవే తల్లీ" అంది పాలపిన్ని.

కరెంటు పోయింది. ఆ చీకట్లో ఫోన్ మోగింది.

నర్సమ్మ ఎత్తింది. "మావాడే! చలేస్తోందట. ముందు మీరు కానివ్వండి" అని టీచరమ్మకి అందించింది.

టీచరమ్మ విని నవ్వింది. "నీ చెవులకేమైంది వదినా? ఇది మావాడు."

పాలపిన్ని లాక్కుంది. "మీ ఇద్దరికీ మతిపోయింది. మా చిన్నోడి గొంతు నాకు తెలీదా..."

నవ్వు ఆగిపోయింది.

ఆఖర్న అమ్మ తీసుకుంది. రెండు చేతులతో చెవికి అదుముకుంది. తర్వాత మెల్లగా... "నాన్నా" అంది.

నేను రిసీవర్ గుంజుకున్నాను. గొంతు లేదు. వాన చప్పుడు. ఆ వానలో ఎవరో రేకు మీద తడుతున్నారు.

టప్... టప్...

అదే చప్పుడు మా షట్టర్ మీద కూడా.

"తియ్యొద్దు" టీచరమ్మ గుసగుసలాడింది. "బతికున్నవాడు అంత దూరం నుంచి ఇప్పుడెలా వస్తాడు? తీస్తే... ఎవరివాడో తెలిసిపోతుంది."

టప్... టప్...

"ఎవరివాడైతేనేం" అంది అమ్మ. "చలేస్తోందన్నాడు."

నలుగురూ వంగారు. నలుగురూ కలిసి షట్టర్ ఎత్తారు.

వాన. ఖాళీ వీధి. ఒక చల్లగాలి మా మధ్యనుంచి ఒరుసుకుంటూ లోపలికి పోయింది.

ఫోన్ మళ్ళీ మోగింది. దూకి ఎత్తాను. అన్నయ్య!

"ఏంటే కోతీ, ఏడుస్తున్నావా? పొద్దుట్నుంచీ లైన్లే లేవు. ఇదే మొదటి ఫోన్. నలుగురం బాగానే ఉన్నాం, ఇదిగో ముగ్గురూ పక్కనే ఉన్నారు."

నలుగురు కొడుకులూ మాట్లాడారు. కట్టుబాటు గాలికెగిరిపోయింది. తల్లులు ఏడ్చారు, నవ్వారు, రిసీవర్ కోసం మోచేతులతో పొడుచుకున్నారు.

ఫోన్ పెట్టేశాక నాకు ప్రాణం లేచొచ్చింది. "దెయ్యాలకీ రాంగ్ నంబర్లుంటాయన్నమాట!" అన్నాను.

అప్పుడు మిషన్ల వెనక చీకట్లోంచి... ఎవరో కుర్రాడు. నేనెప్పుడూ వినని గొంతు.

"అమ్మా... తలుపు వేసెయ్యి. చలి."

నేను గోడకి నక్కాను. తల్లులు మాత్రం ఉలిక్కిపడలేదు. నలుగురూ ఒక్కసారే అటు తిరిగారు.

"వేస్తున్నా నాన్నా" అన్నారు.

షట్టర్ దించేశారు.