కుశలదీపం పచ్చగానే ఉంది

వేడికట్టు గంట మోగింది. గుణదలలోని ఆ ఎత్తైన మేడకున్న కిటికీలన్నీ వాటంతటవే రెప్పలు వాల్చాయి. ఇక పొద్దు వాలేదాకా మనిషన్నవాడు వీధిలో అడుగు పెట్టకూడదు. పెట్టినా ఎంతో దూరం నడవలేడు. రోహిణికార్తెలో రోళ్లు పగులుతాయని సామెత కట్టినవాళ్లు పాపం అసలు ఎండ చూసి ఉండరు. ఇప్పుడు బెజవాడలో రోళ్లు లేవు. పగలడానికి మిగిలింది మనుషులే.

కృతిక వంటింటి గట్టు దగ్గర నిలబడి పైటచెంగుతో మెడ తుడుచుకుంది. తుడిచినచోటే మళ్లీ తడి ఊరింది. చారు పొంగడం చూసి పొయ్యి ఆపింది. ఆపినా ఉక్క తగ్గలేదు.

"ఇల్లెలా ఉంది?" అని గోడని అడిగింది. పొద్దుట్నుంచీ ఎన్నోసారో ఆవిడకే తెలియదు.

"కుశలం," అంది గోడలోంచి శీతలి. "ఇంటిల్లిపాదీ సుఖంగా ఉన్నారు. ఉక్కగా ఉన్నది మీకొక్కరికే. అది వయసు వల్ల వచ్చే ఆవిరి. మంచినీళ్లు తాగి కాసేపు కూర్చోండి."

గోడమీద కుశలదీపం పచ్చగా వెలుగుతోంది. కృతిక మంచినీళ్లు తాగింది. తాగిన నీళ్లు తాగినట్టే చెమటై పోయాయి.

పూర్వం ఇళ్లలో ఏసీలని ఉండేవి. అవి చెడిపోతే కనిపెట్టాల్సింది మనుషులే. గాలి తగ్గిందా, నీళ్లు కారుతున్నాయా, మాడు వాసన వస్తోందా అని చూసుకోవాలి. తర్వాత మెకానిక్‌కి ఫోన్ చేసి, అతను "దార్లోనే ఉన్నానండీ" అంటే నమ్మి, ఆ పూటంతా గుమ్మంకేసి చూడాలి. శీతలి వచ్చాక ఆ బాధ తప్పింది. అది తన నాడి తానే చూసుకుంటుంది. ఈ ఏర్పాటుకు స్వయంనాడి అని పేరు పెట్టారు. తేడా వస్తే కుశలదీపం ఎర్రబడుతుంది, శీతలే యంత్రవైద్యుణ్ణి పిలుస్తుంది. మనుషులు పిలిస్తే అతను రాడు. మనుషులకు ఏం తెలుసు?

శీతలిని తయారుచేసినవాళ్లు మంచివాళ్లే. చల్లదనం అంకెల్లో ఉండదని, మనిషి సుఖంలో ఉంటుందని వాళ్ల సిద్ధాంతం. అందుకని ఇంట్లో పెద్దవాళ్లు నోటితో ఏమంటున్నారో దానికే ఎక్కువ విలువనిచ్చారు. ఎవరూ బాధపడకపోతే యంత్రం బాగున్నట్టే. చంటిపిల్లల ఏడుపును మాత్రం లెక్కలోంచి తీసేశారు, వాళ్లు దేనికైనా ఏడుస్తారు కనక. ఇక ఆవిర్లు వచ్చే వయసని ఆస్పత్రివాళ్లు రాసిన రోజునుంచీ ఈ ఇంట్లో కృతిక మాట కూడా చంటిపిల్లల ఏడుపులో కలిసిపోయింది. ఆ సంగతి ఆవిడకెవరూ చెప్పలేదు.

ఆవిడ బాలింత గదిలోకి తొంగిచూసింది. కూతురు సుభద్ర చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, గోడకు జారగిలబడి ఉంది. పక్కన చంటాడు పడుకుని ఉన్నాడు. మర్నాడే బారసాల. పురిటికి వచ్చిన పిల్లకు చలిగాలి తగలకూడదని కృతికే గదిలోని గాలిగవాక్షానికి పాత నేతచీర మడిచి అడ్డం కట్టింది. "ఈ గది వెచ్చగా ఉండాలి" అని శీతలికి చెప్పిందీ తనే. యంత్రాలు ఎన్ని మారినా బాలింత పథ్యం మారలేదు.

"ఏమ్మా, ఉక్కగా ఉందా?"

"పర్లేదమ్మా," అంది సుభద్ర కళ్లు తెరవకుండా. బాలింతన్నాక ఉడకాల్సిందేనని ఆ పిల్ల నమ్మకం. ఉక్కగా ఉందంటే అమ్మ తన ఏర్పాట్లలో ఏదో లోపం జరిగిందని కుమిలిపోతుందని కూడా ఆ పిల్లకు తెలుసు.

"ఏదో మాడు వాసన వస్తోందే."

"పొద్దున్న వేసిన సాంబ్రాణేమో."

అయ్యుండొచ్చు అనుకుంది కృతిక. పిల్లాడికి నీళ్లు పోశాక సాంబ్రాణి వేసిన మాట నిజమే. కానీ సాంబ్రాణి వాసన ఇలా గొంతులో పట్టుకుంటుందా? ఏమో, ముక్కుకూ వయసు వచ్చిందేమో. ఈమధ్య ఆవిడకు తన ఒంట్లో ఏ అవయవం మీదా నమ్మకం లేకుండా పోయింది.

హాల్లో భర్త ఆర్యన్ గోడ పక్కన బకెట్టు జరుపుతున్నాడు. ఆ తరం తాతయ్యలందరికీ అలాంటి పేర్లే. పైనుంచి నీళ్లు చుక్కచుక్కగా బకెట్లో పడుతున్నాయి.

"ఏవండీ, ఈ నీళ్లేవిటి?"

"పనిచేసేవాడికి చెమట పట్టదూ? ఇలా వచ్చి చూడు," అని ఆయన గోడవారనున్న గొట్టం చూపించాడు. దానిమీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. "మంచు! బెజవాడలో మంచు! ఇంతలా చల్లబరిచే యంత్రాన్ని పట్టుకుని ఉక్క ఉక్క అంటావు. మనిషికి ఇంత ఆశ పనికిరాదు."

కృతిక మంచు మీద వేలు పెట్టింది. జిల్లుమంది. ఆ వేలితోనే చెంప తాకింది. చెంప కాలిపోతోంది. మంచు అబద్ధం చెప్పదు కదా. అంటే చెంపే చెబుతోందన్నమాట.

భోజనాల దగ్గర ఆవిడ అల్లుణ్ణి కనిపెట్టి చూసింది. నరహరి నెమ్మదస్తుడు. బారసాల కోసం రాత్రి బండిలో తెనాలినుంచి వచ్చాడు. అతని కణతల మీదనుంచి చెమట ధారకట్టి చారన్నంలో పడుతోంది.

"ఉక్కగా ఉందా బాబూ?"

"అబ్బే, లేదండీ అత్తయ్యగారూ, చల్లగానే ఉందండీ." అతను గబగబా మొహం తుడుచుకున్నాడు. "చారు కారంగా ఉందండీ, అందుకని." అలా అన్నాక నాలుక కరుచుకున్నాడు. "అంటే, కారం బాగుందండీ!"

"విన్నావా?" అన్నాడు ఆర్యన్.

శీతలి కూడా వింది. అత్తవారింట్లో అల్లుడు ఉక్కగా ఉందనడని దానికెవరూ నేర్పలేదు. కుశలదీపం ఇంకాస్త పచ్చబడింది.

చేతులు కడుక్కుని కృతిక మళ్లీ గదిలోకి వెళ్లింది. చంటాడు పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు.

"ఇందాక పాలు తాగాడా?"

"లేదమ్మా. నోట్లో పెడితే పెదవులు కదపట్లేదు. నిద్రమత్తులో ఉన్నాడు. ఇవాళ ఏడుపే లేదు, ఎంత బుద్ధిమంతుడయ్యాడో!"

కృతిక గబుక్కున వంగింది. పిల్లాడి నుదుటిమీద చెయ్యి వేసింది. వేడిగా ఉందా? ఉన్నట్టే ఉంది. కానీ తన చెయ్యే నిప్పులా ఉంటే పిల్లాడి వేడి ఏం తెలుస్తుంది? మోచేత్తో చూసింది, పెదవులతో చూసింది. ఒంట్లో ఎక్కడ తాకించి చూసినా తన వేడో వాడి వేడో అంతు చిక్కలేదు.

"ఇల్లెలా ఉంది?" అని అరిచింది.

"కుశలం. మీ గుండె వేగంగా కొట్టుకుంటోంది. వైద్యసలహా తీసుకోవడం మంచిది."

ఆవిడకు ఏడుపు వచ్చింది. నాకా, ఇంటికా? మతి పోయింది ఎవరికి? ఆ గదిలో ఇంకో క్షణం ఉంటే తను కూడా పర్లేదు అనేస్తానేమోనని భయం పుట్టింది. పిల్లాణ్ణి భుజాన వేసుకుని విసురుగా గుమ్మం దాటింది. వెనకనుంచి సుభద్ర "అమ్మా, ఎక్కడికి?" అంటోంది.

వరండాకు శీతలి ఉండదు. ఎండాకాలంలో అక్కడ నిలబడలేరు. కానీ ఇంట్లోంచి వరండాలోకి అడుగు పెట్టినప్పుడు కృతికకు ఏ తేడా తెలియలేదు. అదేమిటో ఆలోచించే ఓపిక లేక ఎదురింటి తలుపు దబదబా బాదింది.

జెస్సికమ్మ తలుపు తీసింది. "ఏంటి వదినా, ఈ వేళప్పుడు! మనవడికేమైంది?"

తలుపులోంచి చలి వచ్చి మొహానికి కొట్టింది. నిజమైన చలి. కృతిక చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. వీపుమీది చెమట చల్లబడి ఒళ్లు జలదరించింది. ఆవిడ గడప మీదే నిలబడిపోయింది.

"నాకు కాదు," అంది. "నాకు కాదు వదినా. ఇంటికే వచ్చింది జబ్బు." సంతోషమో, భయమో, కోపమో తెలియకుండా భోరుమని ఏడ్చేసింది.

జెస్సికమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ పిల్లాడి మొహం చూడగానే వాడి గుడ్డలు విప్పి, తడిగుడ్డతో ఒళ్లంతా అద్దడం మొదలుపెట్టింది. ఆమె ఇంటి గోడకున్న తెరమీద ఆస్పత్రి డాక్టరు కనబడి, ఒక్కో ప్రశ్నే అడిగి, పిల్లాణ్ణి ఆ చల్లటి గదిలోంచి కదపొద్దని, తల్లిని వెంటనే రప్పించమని చెప్పింది. సుభద్ర తలగుడ్డ జారిపోతున్నా పట్టించుకోకుండా పరిగెత్తుకొచ్చింది. ముగ్గురాడవాళ్లూ ఊపిరి బిగబట్టి వాడి పెదవుల వంక చూస్తూ కూర్చున్నారు. అవి కొంచెం కదిలాయి. తర్వాత వంకర తిరిగాయి. తర్వాత వాడు మేడ ఎగిరిపోయేట్టు ఏడుపు లంకించుకున్నాడు. అంత మంచి ఏడుపు కృతిక జన్మలో వినలేదు.

"ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను," అంది డాక్టరు.

ఎదురింటి గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చిన మగవాళ్లను వెంటబెట్టుకుని కృతిక తన ఇంట్లోకి తిరిగి వచ్చేసరికి కుశలదీపం పచ్చగానే ఉంది. యంత్రవైద్యుణ్ణి పిలవమంది. అవసరం కనబడటం లేదంది శీతలి. ఆవిడ అల్లుడి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"బాబూ, నా మాట అది వినదు. మీరు చెప్పండి. మీ అత్తగారిల్లు ఉడికిపోతోందని గట్టిగా చెప్పండి."

నరహరి మొహం పాలిపోయింది. "అంత మాట ఎలా అంటానండీ?"

"మీ కొడుకు కోసం అనండి."

అతను గోడ ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "కొంచెం..." అని ఆగాడు. తర్వాత కళ్లు మూసుకుని, "కొంచెం కాదు! నేను వచ్చిన దగ్గర్నుంచీ ఉడికిపోతున్నాను! నిద్ర లేదు, అన్నం సయించట్లేదు! ఈ ఇంట్లో ఉండలేను!" అని అరిచేశాడు. అరిచి, అత్తగారి కాళ్లవంక చూస్తూ, "క్షమించండి" అన్నాడు.

"నాకూ ఉక్కగానే ఉంది," అన్నాడు ఆర్యన్ మెల్లగా. "ఎప్పట్నుంచో ఉంది. మంచు చూసి నేనే సరిపెట్టుకున్నాను."

దీపం పసుపు రంగుకు తిరిగింది. కాసేపు ఊగిసలాడి ఎర్రబడింది.

వేడికట్టు తొడుగు వేసుకుని వచ్చిన యంత్రవైద్యుడు నేతచీర లాగి పారేసి మూత విప్పాడు. లోపల గాలి ఆడే దారంతా మంచుగడ్డ కట్టి ఉంది. దాని వెనక పంకాలోని తీగచుట్లు మాడిపోయి ఉన్నాయి. ఇంటి గాలంతా యంత్రంలోకి వెళ్లే దారి ఈ గవాక్షమేనని, అది మూసుకుపోయి గాలి ఆడకపోతే లోపలి చలి లోపలే గడ్డకడుతుందని, ఆ గడ్డ కరిగి నీళ్లు కారతాయని, తిరగలేక పంకా మాడుతుందని చెప్పాడు. చెబుతూనే తల గోక్కున్నాడు.

"దీపం పచ్చగా ఉండి లోపల ఇలా ఉండటం నేనెప్పుడూ చూడలేదండీ. మంచు కనబడుతోంది, నీళ్లు కారుతున్నాయి, వాసన వస్తోంది, గాలి లేదు. ఎవరికీ అనుమానం రాలేదా?"

"వచ్చింది," అంది కృతిక. "ప్రతి అనుమానానికీ మా ఇంట్లో ఒక సమాధానం ఉంది."

మర్నాడు బారసాల జరిగింది. ఇల్లు హాయిగా చల్లబడింది. చంటాడు ఉయ్యాల్లో కాళ్లు తన్నుకుంటున్నాడు. పళ్లెంలో పోసిన బియ్యం మీద నరహరి ఉంగరంతో కొడుకు పేరు రాస్తున్నాడు. సరిగ్గా అప్పుడు కృతిక రొమ్ములోంచి ఒక వేడి అల లేచి మెడ మీదికి, చెవుల్లోకి పాకింది. ముక్కుమీద చెమట పట్టింది. మళ్లీనా? నాకా, ఇంటికా?

"మీకు ఉక్కగా ఉందా?" అనడిగింది.

 నిన్నటి సంగతి అందరి కళ్లముందూ మెదిలింది.

"అవునండీ అత్తయ్యగారూ, చాలా ఉక్కగా ఉందండీ," అన్నాడు నరహరి.

"అబ్బో, భరించలేం," అన్నాడు ఆర్యన్.

"ఉడికిపోతున్నానమ్మా," అంది సుభద్ర.

"ఉక్కే వదినా," అంది జెస్సికమ్మ, పైట భుజాల చుట్టూ బిగించుకుంటూ.

"ఇంటివారందరికీ ఉక్కగా ఉంది. చల్లదనం పెంచుతున్నాను," అంది శీతలి. గదిలోకి చలి గుప్పున కొట్టింది. కుశలదీపం పచ్చగా వెలిగింది.

కృతిక ఒక్కొక్కరినీ చూసింది. బియ్యం మీద అల్లుడి చెయ్యి వణుకుతోంది, అక్షరం వంకర పోయింది. భర్త చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. అందరూ ఆవిడ మొహంలోకి ఎంతో ప్రేమగా చూస్తున్నారు. ఇంత ప్రేమలో నిజం ఎవరినడగాలో ఆవిడకు తోచలేదు.

ఉయ్యాల్లోంచి ఏడుపు వినబడింది. ఆవిడ వంగి మనవడి అరికాలు పట్టుకుని చూసింది. చల్లగా ఉంది. వాణ్ణి ఎత్తుకుని బొంత చుట్టి, వేడి సెగలు కక్కుతున్న తన గుండెలకు హత్తుకుంది. వాడు ఏడుపు ఆపలేదు.

"ఏడు నాన్నా," అంది వాడి చెవిలో. "పర్లేదు అనడం నీకింకా రాదు. కొన్నాళ్లు రాకుండానే ఉండనీ."