దించమన్నవాడు

మిట్టమధ్యాహ్నం! నీడ కూడా భయపడి మనిషి పాదాల కింద దాక్కునే ఘోర ఘడియ! ఉరుముల్లేవు... మబ్బు మొహం చూసి మూడేళ్ళయిన ఆ ఎడారిలో ఉరమడానికి ఏముంది? గుడ్లగూబలూ లేవు... ఎలుకైనా దొరకని చోట అవి మాత్రం ఏం తిని బతుకుతాయి? ఉన్నదల్లా నిప్పులు చెరిగే ఇసుక... ఆ ఇసుకలో నోరు తెరుచుకుని పాడుబడ్డ గని... ఆ గనిలో ఒక క్షుద్ర మాంత్రికుడు!

అక్క టార్చిలైటు పట్టుకుని ఆ సొరంగంలోకి పరుగెత్తింది. రాళ్ళను పరీక్షించడం ఆమె ఉద్యోగం. వాకిలికి అడ్డున్న పాత రాళ్ళు తీయించి, రెండు నెలలుగా ఆ గనిని కొలుస్తోంది. తోడుగా వచ్చిన చెల్లెలు మూడు రోజులుగా మనిషి మనిషిలా లేదు; ఇవాళ గుడారంలోంచి మాయమైంది, అడుగుజాడలు గనిలోకి దారితీశాయి. భూమిలో నీళ్ళెక్కడున్నాయో చూపిస్తానంటూ గుడారానికి వచ్చిన ఆ గడ్డంవాడు చిటికెడు బూడిద ఇస్తే, పిచ్చిపిల్ల నాలుక మీద వేసుకుంది. అప్పుడు అక్క నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకు ఇప్పుడు తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది.

టార్చి వెలుగులో గోడలు తళుక్కుమన్నాయి. లక్షల ఏళ్ళ కిందట సున్నపురాతి పగుళ్ళలోకి పాతాళం నుంచి వేడినీళ్ళు ఎగదన్ని, సీసాన్నీ దానితోపాటు ఇంత వెండినీ వదిలిపోయాయి. తరవాతెప్పుడో నేల ఫెళ్ళున విరిగి పక్కకు జరిగింది. రాతిలో చారలా సాగిన వెండి చాలు అక్కడితో తెగింది. తెగిందంటే ఒప్పుకోలేని తొంభై ఏళ్ళ కిందటి యజమాని, కప్పును మోసే ఖనిజపు స్తంభాలనే చెక్కి తెమ్మన్నాడు. ఇంటి దూలం కోసి పొయ్యిలో పెట్టుకునే తెలివి! చెక్కారు. కప్పు విరిగింది. పదిహేడుమంది లోపలే ఉండిపోయారు. ఆ ప్రభువు వాకిలికి రాళ్ళు పేర్పించి చక్కా పోయాడు. మిగిలిన కప్పు ఇన్నేళ్ళు ఎలా నిలిచిందో మాత్రం అక్క లెక్కలకు అందలేదు.

సొరంగం చివర, స్తంభాల్లేని విశాల గుహలో... సీసపు పొడితో గీసిన వలయం! దాని నడుమ ఆ గడ్డం మాంత్రికుడు! చేతిలో కత్తి! ఎదురుగా జుట్టు విరబోసుకున్న చెల్లెలు... ఆమె ఒడిలో కపాలం! ఎవరో నిర్భాగ్యుడైన గని కూలీ తలకాయ. దానికి ఎర్రరంగు పూసి, అదే మహా ఘనకార్యమన్నట్టు మీసం దువ్వుతున్నాడు వాడు.

"అడుగు వేశావో, దీని గొంతు తెగుతుంది!"

బూడిద విసిరాడు. అక్క కాళ్ళు రాళ్ళలా బిగుసుకుపోయాయి.

"ప్రేతాల్లారా!" గుహ దద్దరిల్లేలా అరిచాడు మాంత్రికుడు. "తెగిన వెండి ఎక్కడ దాగిందో చూపించండి! రండి! రాకపోతే ఈ ఆడదాని రుధిరధారతో మిమ్మల్ని యుగాంతం దాకా బంధిస్తాను!"

చెల్లెలి పెదవులు కదిలాయి. వచ్చింది మగగొంతు... ముసలి గొంతు!

"చేతులు ఖాళీ లేవయ్యా."

మాంత్రికుడి నోరు తెరుచుకుంది. ఇలాంటి జవాబు వాడి తాళపత్రాల్లో లేదు.

"నాకే ఎదురు చెప్తావా!"

"ఎదురు కాదయ్యా. కప్పు పట్టుకుని ఉన్నాం. ఆ రోజు విరుగుతుంటే భుజాలు పెట్టాం. మిగతావాళ్ళు పారిపోయారు. మా ఊపిరి పోయింది గానీ బరువు దించలేదు. దించమని మేస్త్రీ చెప్పాలి కదా. పారిపోయినవాళ్ళలో ముందున్నది ఆయనే."

అక్క తలెత్తి కప్పు మీదికి టార్చి వేసింది. మేస్త్రీ మాట లేనిదే ఎత్తిన బరువు దించకూడదన్నది గనివాళ్ళ కట్టుబాటు. ఒకడు వదిలితే పక్కవాడు చస్తాడు. అయితే తొంభై ఏళ్ళుగా ఈ కొండను మోస్తున్నది...

"ఒరేయ్, నీకు దండం పెడతాను! వాళ్ళని పిలవకు! నోరు ముయ్యి!"

మాంత్రికుడు పగలబడి నవ్వాడు. ఎదుటివాళ్ళు బతిమాలితే తాను గొప్పవాడైపోయాననుకునే జాతి అది.

"ఇక్కడ మేస్త్రీని నేనే! యజమానిని నేనే! దించండి! అన్నీ వదిలేసి వచ్చి నా కాళ్ళ మీద పడండి!"

చెల్లెలి తల మెల్లగా కప్పు వైపు తిరిగింది!

"అందరూ విన్నారా?" మర్యాదగా అడిగింది ముసలి గొంతు.

"విన్నాం!" ఆ ఒక్క నోట్లోంచే పదహారు గొంతులు!

"ముందు ఆడపిల్లల్ని పోనివ్వండి. తరవాత దించుదాం."

మాంత్రికుడి కత్తి ఠంగున జారిపడింది. అక్క కాళ్ళకు పట్టు వదిలింది. చెల్లెల్ని భుజాన వేసుకుని ఆమె పరుగెత్తింది. ఎంత నీచుడైనా మనిషే కదా అని వెనక్కి తిరిగి అరిచింది.

"నువ్వూ రారా, దరిద్రుడా! కప్పు కూలుతోంది!"

"వెర్రిదానా! ఈ వలయంలో నన్ను ఏ ప్రేతమూ తాకలేదు!"

నిజమే. ఏ ప్రేతమూ వాణ్ణి తాకలేదు. కొండ తాకింది!

ప్రళయగర్జన! నేల అదిరింది... సొరంగం ధూళిని కక్కింది... లోపలినుంచి ఒకే ఒక్క ఆర్తనాదం సగంలో తెగిపోయింది. అక్కాచెల్లెళ్ళు ఎండలో ఇసుక మీద పడ్డారు.

చెల్లెలి నోటినుంచి దీర్ఘమైన నిట్టూర్పు వెలువడింది. పదిహేడుమంది ఒక్కసారిగా నడుం వాల్చిన నిట్టూర్పు.

"తొంభై ఏళ్ళమ్మా..." అంది ముసలి గొంతు, దూరమైపోతూ. "ఆ మహానుభావుడెవరో, పుణ్యాత్ముడు, దించమన్నాడు. మా దణ్ణాలని చెప్పు."

కాసేపటికి చెల్లెలు తన సొంత గొంతుతో, "అక్కా, దాహం," అంది. అక్క ఆమెను గుండెకు హత్తుకుని భోరుమంది. ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. మహానుభావుడట! వాడు పుట్టి చేసిన పుణ్యం అదొక్కటే... అదీ తెలియక చేశాడు, వెధవ!