గొంతు అడుగున తాళంచెవి

"నాలుగింటికి తొమ్మిది మంది ప్రాణాలు పోతాయి," అన్నాడు రామసుబ్బయ్య, మబేలా అనే అరబ్బు ఊళ్లో, టైలర్ షాపులో నసీమాకు కొలతలు తీస్తున్నట్టు నటిస్తూ. "మన ఏజెంట్ల పేర్లు సీబ్ ఊళ్లోని విల్లా స్టోర్ రూమ్‌లో, ఒక ఇనుప పెట్టెలో ఉన్నాయి. నాలుగైతే అదే వాటిని విదేశీ ముఠాకు పంపేస్తుంది. పాస్‌వర్డ్ చెబితే ఆగుతుంది. మూడే ఛాన్సులు."

"పాస్‌వర్డ్ ఎవరిస్తారు సార్?"

"ఖతీజా. ముఠాలో మన మనిషి."

మూడుంబావుకు ఏజెంట్ నసీమా పనిమనిషి వేషంలో విల్లా చేరింది. ఖతీజా ఎదురొచ్చింది: నల్ల కళ్లద్దాలు, హైహీల్స్, అత్తరు గుబాళింపు. నసీమా చెవిలో పాస్‌వర్డ్ గుసగుసలాడింది. "గల్బ్ అల్ జబల్. కొండ గుండె."

స్టోర్ రూమ్‌లో అడుగు పెట్టగానే వెనక ఇనుప తలుపు మూసుకుంది. తాళం పడింది. హీల్స్ చప్పుడు తీరిగ్గా దూరమైంది.

కిటికీ లేదు. చెవిలోని రిసీవర్‌కు సిగ్నల్ లేదు. బియ్యం బస్తాలు, ఉక్క, పెట్టె మీద నాలుగింటి వైపు తరుగుతున్న ఎర్ర అంకెలు.

పెట్టెకున్న మైకు దగ్గర నోరు పెట్టి, ఖతీజా పలికినట్టే చెప్పింది. ఎర్ర లైటు. ట్రైనింగ్‌లో నేర్పిన పుస్తకాల అరబిక్‌లో చెప్పింది. మళ్లీ ఎర్ర లైటే. ఇక ఒక్కటే ఛాన్సు.

"అయిపాయ, సచ్చినాం!"

"ఎవరు లోపల? తెలుగుదానివా?" తలుపవతల ఆడగొంతు.

"అవునక్కా. తలుపు తీయక్కా!"

"తాళంచెవి ఆ నల్ల అద్దాలది పట్కపోయింది. నేను యాదవ్వను, వంటామెను."

"ఈ పెట్టె నా మాట వినల్యాక్కా. కొండ గుండె అని సరిగ్గానే చెప్తాండా."

"ఎట్లింటది? అర్బాబు, గదే మా యజమాని, దానికి వాళ్లమ్మ పలుకు నేర్పిండు. ఆ ఇంటోళ్లు ఎవలు మాట్లాడినా తెరుసుకుంటది. వాళ్ల ఊరు ఇబ్రాల ఆ ముసలమ్మకు పదేండ్లు వండిపెట్టిన. ఆమె జ అనదు, గ అంటది. మస్జిద్‌ను మస్గిద్ అంటది."

"మరి మొదటి మాట?"

"నీళ్లు పుక్కిలిస్తే గొంతుల గరగర యాడ పుడ్తది? ఆడ్నే బిగబట్టి, ఒక్కపారి ఇడువు. క గాదు, గ గాదు."

నసీమా తాళం రంధ్రానికి నోరు ఆనించి ప్రయత్నించింది.

"కోడి గొంతు పిసికినట్టున్నది. మల్ల."

మళ్లీ.

"ఇంకా కిందికెళ్లి రావాలె. సిగ్గేందుకు బిడ్డా, చూసేటోళ్లు ఎవలున్నరు?"

అరగంట గడిచింది. గొంతు మండింది. చెమట కళ్లలోకి దిగింది. చివరికి అవతల్నుంచి, "గిది! అచ్చం ముసలమ్మే!"

ఇక పద్నాలుగు సెకన్లే మిగిలాయి. నసీమా మైకు ముందు కళ్లు మూసుకుంది. గొంతు అడుగున గాలిని బిగబట్టి వదిలింది. రెండో మాటలో జ స్థానంలో గ పలికింది.

పచ్చ లైటు. మూత లేచింది. లోపలి స్క్రీన్ మీద ఏజెంట్ల పేర్లు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. ఇంకా రెండు సెకన్లు మిగిలే ఉన్నాయి.

"తొమ్మిది మందీ బతికినారక్కా!"

"మంచిగైంది. అండ్ల నా పాస్‌పోర్ట్ ఉన్నదా సూడు. ఇంటికి పోతనంటే, పెట్టెల భద్రంగున్నది అంటడు అర్బాబు. మూడేండ్లాయె."

ఉంది. నసీమా దాన్ని తలుపు కింది సందులోంచి బయటికి తోసింది.

"నువ్వెట్లొస్తవ్ మరి?"

"మావాళ్లు వస్తార్లే. నువ్వు పో అక్కా."

చెప్పుల చప్పుడు గేటు వైపు పరుగెత్తింది. సీక్రెట్ ఏజెంట్ బియ్యం బస్తా మీద కూర్చుని, ఈ మిషన్‌లో తప్పించుకున్నది వంటామె ఒక్కతేనని రిపోర్టులో ఎలా రాయాలా అని ఆలోచించసాగింది.