ఏడో సొరంగంలో నిప్పులేని తుపాకి

మార్సెలీన్‌కి తన తండ్రి మీద ఉన్న ఫిర్యాదులన్నీ రాసుకుంటూ పోతే రహస్య శాఖ బీరువాలన్నీ ఖాళీ చేసిచ్చినా చోటు చాలదు. కూరగాయలు తూచే త్రాసులో తుపాకి గొట్టాలు పెడతాడు. వెన్న గిన్నెలో తోలు వాషర్లు నానేస్తాడు. ఆదివారం మాంసం ఉడికే పొయ్యి పక్కన, పసిపిల్లకు పాలు వెచ్చబెట్టినంత ముద్దుగా, ఎనభై ఏళ్ళ నాటి గ్యాసు సిలిండర్‌ని వెచ్చబెడతాడు. సెంతేత్యెన్ ఊళ్ళో తుపాకి పనివాళ్ళకు కొదవ లేదు. కానీ మందుగుండు లేకుండా, సోడాలో ఉండే గ్యాసుతో గుండు విసిరే పాతకాలపు తుపాకులను బాగుచేస్తూ కూర్చునే పిచ్చి మాత్రం క్లోదియూస్ ముసలాయన ఒక్కడికే పట్టింది.

జనవరి నెల, ఉదయం తొమ్మిదిన్నర. రిబ్బన్ల కొట్టు తలుపు తోసుకుని ఒక పొడుగాటి ఓవర్‌కోటు లోపలికి వచ్చింది.

"అత్తగారి మోకాలు ఎలా ఉంది?"

"మంచు పడితే సలుపుతోంది" అంది మార్సెలీన్.

సంకేతం కుదిరింది. గడియ పడింది. వీధికి ఆమె రిబ్బన్లు అమ్ముకునే విధవరాలు, శాఖకు ఏజెంట్ పన్నెండు. ఓవర్‌కోటు లోపలున్నది పై అధికారి, కర్నల్ బెస్సోనె.

"ఇలోనా మనల్ని ముంచింది" అన్నాడు కర్నల్.

రెండేళ్ళుగా శత్రువుల ముఠా కబుర్లు శాఖకు మోసిన ఆకుపచ్చ కళ్ళ సుందరి ఇలోనా. ఆమె నవ్వితే ఆఫీసులో సగం మంది రిపోర్టులు తప్పుగా టైపు చేసేవాళ్ళు.

"మీరు కూడానా?"

"నేను టైపు చెయ్యను" అన్నాడు కర్నల్ ముక్తసరిగా. "వినండి. మన రాడార్ ప్రయోగశాల కింద బొగ్గుగని ఉంది కదా, దాని ఏడో సొరంగం మండే వాయువు పట్టి మూతబడింది. ఇలోనా అక్కడ అలారం గడియారం పెట్టింది. పదకొండుకు గంట కొట్టే కర్ర రాగిరేకును తాకుతుంది. ఒక్క నిప్పురవ్వ! పైనున్న ప్రయోగశాల భూమిలోకి దిగిపోతుంది. లోకం గని ప్రమాదం అనుకుంటుంది."

"లోపల మనుషులు?"

"అరవై ఇద్దరు. డ్రిల్ అని చెప్పి పైకి తెస్తున్నాం. లిఫ్టుకి మూడు గంటలు కావాలి. మనకున్నది గంటన్నర. చిన్నప్పుడు అక్కడ బొగ్గు ఏరిన మీకే ఆ దారులు తెలుసు. సొరంగం కటకటాల తాళంచెవి ఇలోనా ఎత్తుకుపోయింది, గడియారాన్ని ఇవతలి నుంచే కొట్టి ఆపాలి. పిస్తోలు మాత్రం ఇక్కడే పెట్టండి. దాన్ని పేలిస్తే ఇలోనా పని మీరు పూర్తిచేసినట్టే."

వంటింట్లోంచి టప్ మని సీసా బిరడా ఊడినట్టు చప్పుడైంది. మార్సెలీన్ అటు తిరిగింది.

"నిప్పులేని తుపాకి ఒకటుంది."

"ఆ ఆటబొమ్మా?" కర్నల్ కళ్ళు పెద్దవయ్యాయి.

ఇద్దరూ వంటింట్లోకి నడిచారు. ఆ మాట విన్న క్లోదియూస్‌కి కోపం వచ్చింది. "వాషర్ మార్చి మూడు రోజులే అయింది! ఇవ్వను!"

"నాన్నా, అరవై రెండు ప్రాణాలు."

ముసలాయన సిలిండర్‌ని త్రాసులో పెట్టాడు. "బరువు సరిపోయింది, నిండుగా ఉంది. సీసం గుండు ఇనుముకు తగిలినా నిప్పు రాలదు. గురి ఈ వంటింట్లో సరిచేశాను. గనిలో ఉక్క. వేడికి గ్యాసు పొంగి గుండు పైకి పోతుంది. జానెడు కిందికి గురిపెట్టు."

"సరే."

"సరే కాదు, తిరిగి చెప్పు. నీ సరేలు నాకు తెలుసు."

"జానెడు కిందికి, నాన్నా."

ముఠా కంట పడకుండా మగవేషం: పోయిన భర్త చొక్కా, మొహానికి మసి. ఉల్లికాడల కట్ట మధ్య తుపాకి గొట్టం, కాఫీ ఫ్లాస్కు తొడుగులో సిలిండర్. కర్నల్ మోటారు సైకిలు వెనక బుట్ట కట్టి, కురుస్తున్న మంచులో ఊరు దాటారు.

గని గేటు కాపలావాడు ఫ్లాస్కు తడిమాడు. "ఏం తమ్ముడూ, అందరూ పైకొస్తుంటే నువ్వు కిందికా? ఈ కాఫీ ఏంటి, మంచుగడ్డలా ఉంది?"

"మా ఆవిడ కాచింది" అంది మార్సెలీన్ బొంగురు గొంతుతో. "వేడిగా ఉన్నా తాగలేం."

"అయ్యో పాపం. వెళ్ళు, వెళ్ళు."

ఏడో సొరంగానికి అడ్డంగా ఇనుప కటకటాలు, తాళం. అవతల ముప్ఫై అడుగుల దూరంలో ఒక దుంగకు గడియారం, పక్కన మంట బయటికి పోకుండా ఇనుప జాలీ తొడిగిన గని దీపం. దీపం మంట చుట్టూ నీలి అంచు. అంటే వాయువు నిండింది. ఆ వెలుగులో ఇలోనా నిలబడి ఉంది. మొహానికి బొగ్గు పూసుకున్నా సబ్బు ప్రకటనలా ఉంది.

"ఆలస్యం చేశావు అక్కా. పిస్తోలు తియ్యి, కలిసే పోదాం."

"తేలేదు."

"తెలివైనదానివే" అని నవ్వి, ఇలోనా సొరంగం అవతలి కొసన ఉన్న రెండో దారిన చీకట్లో కలిసిపోయింది.

పదకొండుకి నాలుగు నిమిషాలు. మార్సెలీన్ గొట్టం బిగించింది, సిలిండర్ తిప్పింది, గుండు పెట్టింది. చెమట కళ్ళలోకి కారుతోంది. ఇంతలోనే నిమిషాల ముల్లు పన్నెండుకి ఆనుకోబోతోంది, ఇక ఒక్క గుండుకే వ్యవధి. తండ్రి చెప్పినట్టు గడియారానికి జానెడు కింద గురి నిలిపింది.

అప్పుడు ఎడమ అరచేయి సిలిండర్‌కి తగిలి జిల్లుమంది. నేలమాళిగలోంచి అప్పుడే తీసిన వెన్నలా ఉంది. గని వేడెక్కింది, నిజమే. ఇనుము ఇంకా మంచులోనే ఉంది! గ్యాసు పొంగదు, ముడుచుకుంటుంది. గుండు కిందికే జారుతుంది.

తండ్రి మాట కిందికంటోంది, చెయ్యి పైకంటోంది. పక్క సొరంగంలో ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు. లిఫ్టు వంతు రానివాళ్ళు.

గడియారం లోపల స్ప్రింగు కిర్రుమంది.

మార్సెలీన్ గురిని గడియారానికి రెండు వేళ్ళు పైకి ఎత్తి మీట నొక్కింది.

టప్.

గడియారం మొహం లోపలికి నొక్కుకుపోయింది. లేచిన గంటకర్ర రాగిరేకుకి వెంట్రుకవాసి ఇవతల బిగుసుకుపోయింది. పక్క సొరంగంలో దగ్గు ఆగలేదు.

మధ్యాహ్నానికి అరవై ఇద్దరూ ఇళ్ళకు చేరారు. రెండో దారిలో దొరికిన ఇలోనా, బేడీలు వేస్తుండగానే, మూడో దేశం రహస్యాలు అమ్ముతానని బేరం పెట్టిందట. వంటింట్లో కర్నల్ బంగాళదుంప అట్ల కోసం పళ్ళెం పట్టుకుని కూర్చున్నాడు.

"జానెడు కిందికేగా?" అన్నాడు క్లోదియూస్.

"రెండు వేళ్ళు పైకి."

"అబద్ధం!"

ముసలాయన సిలిండర్‌ని కిటికీ అవతల మంచులో పూడ్చాడు. పావుగంట తర్వాత తీసి, వెచ్చటి వంటింట్లో నిలబడి, పెరటి గోడ మీది బిరడాకు గురిపెట్టి కాల్చాడు. గుండు దెబ్బ బిరడాకి కింద, గోడకి తగిలింది. మళ్ళీ కాల్చాడు. ఇంకా కింద. కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"యాభై ఏళ్ళుగా వచ్చినవాడికల్లా గది వేడిని చూసుకోమని చెప్పాను" అని గొణిగాడు. "చూసుకోవాల్సింది సిలిండర్ వేడినా... తప్పు నాదే."

"ఏంటి నాన్నా? అట్టు చుయ్యిమంటోంది, వినపడలేదు."

"నేను చెప్పింది తప్పు అన్నానే, తల్లీ!" అని ముసలాయన వీధంతా వినపడేలా అరిచాడు.