ఖాళీగా తిరిగిరాని చెంబు

అనగా అనగా నీలవరం. ఆ రాజ్యంలో నీలిరంగు అద్దిన బట్టకోసం ఓడలు వరసకట్టేవి. వర్తకుల మేడలు పెరిగాయి. రంగుతొట్ల మడ్డి మాత్రం గోగులేట్లోకి పోయింది. పోయి పోయి, ఒకనాడు ఏరు పారడం మానేసింది. మడుగుల్లో మిగిలిన నీళ్ళు తాగినవాళ్ళ గోళ్ళు నీలమయ్యాయి.

ఏరు బాగుచేయిస్తానని రాజు సుంకం వేశాడు. ఎవరు ముంచినా కడవకొక గవ్వ. తొట్టి నింపే వర్తకుడికీ అదే, గొంతు తడుపుకొనే ముసలమ్మకీ అదే. వర్తకులు నవ్వుతూ కట్టారు. పేదలు దాహం తగ్గించుకున్నారు.

ఆ ఊళ్ళో పైడి అనే పిల్ల ఉండేది. వాళ్ళమ్మకు పెదవులు కూడా నీలమయ్యాయి. ఏరు పుట్టినచోట మంచినీళ్ళున్నాయని విని, పైడి పక్కింటి సూరత్త దగ్గర చెంబు అడిగి తెచ్చుకుంది. తల్లి ఒక్కటే మాట చెప్పింది.

"ఎరువడిగి తెచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదే, అమ్మా."

ముళ్ళడవిలో ఒక ముని దాహమన్నాడు. పైడి తన చివరి గుక్క పోస్తే దారి చూపాడు. తొట్లకింద కట్టెలకని చెట్లన్నీ నరికేసిన కొండమీద ఎలుగుబంటి అడ్డం నిలిచింది.

"ఇక్కడ తీసుకుపోయినవాళ్ళే గాని పెట్టినవాళ్ళు లేరు," అంది.

పైడి కొంగున ఉన్న చింతగింజలన్నీ అక్కడ నాటింది. అది పక్కకు తప్పుకుంది.

ఊటదగ్గర ఒక రాక్షసి కూర్చుని ఉంది. ఒళ్ళో నీలంగా కమిలిన పిల్ల, కన్ను తెరవదు.

"ఇది నా కూతురు, మీ గోగులేరు. తెల్లగా పంపితే ఇలా తిరిగొచ్చింది. చెంబెడు నీళ్ళు కావాలంటే పట్టుకుపో, మీ అమ్మ బతుకుతుంది. ఏరే కావాలంటే ఏడురోజులు దీని ఒళ్ళు కడుగు."

పైడి చెంబు ముంచింది. లేచింది. వీధిలోని పిల్లల నీలిగోళ్ళు కళ్ళముందు మెదిలాయి. ఏడుస్తూనే మళ్ళీ కూర్చుని, ఆ నీళ్ళతోనే పిల్ల పాదాలు కడగడం మొదలుపెట్టింది.

ఏడోనాడు పిల్ల కన్ను తెరిచి, నవ్వి, కొండ దిగి ఉరికింది. పైడి ఊటలో చెంబు నింపుకుని ఎంత పరిగెత్తినా ఏరే ముందు ఊరు చేరింది.

సూరత్త గుమ్మంలోనే ఎదురొచ్చింది. పైడి నిండు చెంబు చాచింది.

"మీ అమ్మ పొద్దున్నే పోయింది, తల్లీ. ఏటి చప్పుడు విన్నది. రెండు చుక్కలు నోట్లో పోశాను. 'మా పిల్ల ఖాళీగా రాలేదొదినా' అంది. అంతే."

రాజు పైడిని కోడల్ని చేసుకుంటానన్నాడు. పెళ్ళిమాట తరవాత, ముందు ఏటిమీద పెత్తనం ఇమ్మంది పైడి. ఆనాటినుంచి తాగే నీటికి సుంకం లేదు. తొట్టివాళ్ళు ముంచిన ప్రతి కడవనూ ఇసకలో వడగట్టి తేటగా ఏటికి తిరిగివ్వాలి, కాల్చిన కట్టెకు మొక్క నాటాలి, మురికి వదిలినవాడే సుంకం కట్టాలి. అద్దకం ఆగలేదు, ఓడలూ ఆగలేదు.

పైడి ఏటిని చల్లగా ఏలింది. రోజూ పొద్దున్నే చెంబు నింపి, అమ్మ పడుకునే చోట పెట్టేది. సాయంత్రం ఆ నీళ్ళు కొండమీది చింతమొక్కలకు పోసేది.