నలభై సెకన్ల ముఖం

2094లో ఫొటో తీయించుకోవడమంటే ఉపవాసమంత పని. సాగరపురం సంరక్షణ న్యాయస్థానం వరండాలో కూర్చున్నవాళ్లు పొద్దుటి నుంచీ తల కదపకుండా అలవాటు చేసుకుంటున్నారు. ఒకావిడ ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేదు.

ఆ కాలానికి కెమెరాలన్నీ బొమ్మను వాటంతట అవే సరిదిద్దేస్తున్నాయి. మచ్చ తీసేస్తాయి, చిరునవ్వు అతికిస్తాయి. అందుకే డిజిటల్ ఫొటోను సాక్ష్యంగా తీసుకోవడం కోర్టులు మానేశాయి. అప్పుడు డాక్టర్ కాత్యాయని పాతకాలపు కలర్ నెగటివ్ ఫిల్మును మళ్లీ తయారుచేసి, దానికి ‘నిదాన ఫిల్ము’ అని పేరు పెట్టింది. దాని మీది వెండి రేణువులు ఎంత సన్నవంటే, ముఖాన్ని గోడంత పెంచినా గరుకు కనిపించదు. కానీ రేణువు సన్నబడినకొద్దీ వెలుతురును అందుకునే శక్తి తగ్గుతుంది. ఒక్క బొమ్మకు నలభై సెకన్లు పడుతుంది.

ఆ లోపాన్నే ఆమె ఉపయోగంగా మార్చింది. తెచ్చిపెట్టుకున్న ముఖం నలభై సెకన్లు నిలవదు, ఎక్కడో చెదురుతుంది, చెదిరినచోట బొమ్మ మసకబారుతుంది అని ఆమె సిద్ధాంతం. మాట చెప్పి కెమెరా ముందు కూర్చోవాలి. బొమ్మ స్పష్టంగా వస్తే మాట నిజం. పన్నెండేళ్లుగా కోర్టులు దీన్నే నమ్ముతున్నాయి.

ఆ రోజు వ్యవహారం నీలవేణి అనే ఆరేళ్ల పాపది. తల్లిదండ్రులిద్దరూ తుపానులో పోయారు. పాపను పెంచుతామని ఇద్దరు వచ్చారు. ఒకడు మేనమామ పైడయ్య, పడవ ఇంజన్ల మెకానిక్కు. రెండోవాడు పెదనాన్న శ్రీకంఠం, కాలనీలో పెద్దమనిషి. పాపతో పాటు ఆమె పేరున ఉన్న ఇల్లు కూడా వెళ్తుంది.

కాత్యాయని ఫిల్ము డబ్బాను ఫ్రిజ్‌లోంచి రెండు గంటల ముందే తీసి బయట పెట్టింది. చల్లగా ఉండగా మూత తీస్తే చెమ్మ పడుతుంది. కటిక చీకటి గదిలో, వేళ్లు అంచులకు తప్ప తగలకుండా కెమెరాలో ఎక్కించింది. ఇద్దరినీ కూర్చోబెట్టి బొమ్మలు తీశాక, ముప్పై ఎనిమిది డిగ్రీల వేడి ద్రావణంలో కడిగింది. ఆ వేడి అర డిగ్రీ కూడా మారకుండా చూసుకోవడం ‘దర్శిని’ అనే మాట్లాడే యంత్రం పని.

నెగటివ్‌లు దీపపు బల్ల మీదికి వచ్చాయి. శ్రీకంఠం ముఖంలో మీసం వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి. పైడయ్య కళ్లూ, నోరూ అలుక్కుపోయాయి.

“మెకానిక్కు గారిది తప్పిందమ్మా,” అంది దర్శిని.

కాత్యాయని పైడయ్యను పిలిపించింది. “కదలొద్దని చెప్పాను కదా నాయనా!”

“సెప్పారమ్మా. నానెంత బిగబట్టినా ఆగలేదు. సొంత బిడ్డలా సూత్తావా అని మీరడిగేసరికి, మొన్న జొరమొచ్చినప్పుడు అది నా సెవి పట్టుకుని తొంగోడం గేపకమొచ్చింది. సిన్నప్పుడు మా సెల్లి కూడా అలాగే తొంగునేది. మరి మొకం కదలదేటి?” అతను చేతులు తుడుచుకున్నాడు. “ఇంకోపాలి తియ్యండమ్మా. కావాలంతే దవడకి బోల్టు బిగించీండి.”

ఒక్కసారే తీయాలని నిబంధన. ఆమె శ్రీకంఠాన్ని పిలిచింది.

“అంత నిశ్చలంగా ఎలా కూర్చోగలిగారండీ?”

“మూడు నెలల అభ్యాసమండీ. నేర్పేవాళ్లు ఇప్పుడు వీధికొకరున్నారు. జవాబు చెప్పేశాక దేని గురించీ ఆలోచించకూడదు.”

“పాప గురించి కూడానా?”

“ముఖ్యంగా పాప గురించి,” అన్నాడతను మర్యాదగా.

కాత్యాయని మళ్లీ ఆ రెండు నెగటివ్‌ల ముందే కూర్చుంది. పూజలో మనసు ఒకచోట నిలవడం లేదని రోజూ బాధపడే మనిషి ఆమె. అసలు ప్రేమ ఉన్నచోట మనసు నిలుస్తుందా, కదులుతుందా అని ఇన్నాళ్లూ తనను తాను ప్రశ్నించుకోలేదు.

ఇంతలో కబురొచ్చింది. పైడయ్య అభ్యంతరం చెప్పాడు. అలాంటప్పుడు ఫిల్ములో దోషం లేదని దాన్ని తయారుచేసినామె ప్రమాణం చేయాలి. ప్రమాణం చేసి ఆమె కూడా కెమెరా ముందు కూర్చోవాలి. ఆ నిబంధన రాసింది ఆమే.

“ఏం చెప్పమంటావే?” అంది దర్శినితో. “ఈ ఫిల్ము చూపించిన ఇళ్లకు ఇప్పటికి నాలుగు వేల మంది పిల్లలు వెళ్లారు. దోషముందంటే వాళ్ల సంగతేమిటి?”

“నేను వేడీ వెలుతురూ కొలుస్తానమ్మా. అది మీరే తేల్చుకోవాలి.”

ఆమె కుర్చీలో కూర్చుంది. “నా ఫిల్ములో ఏ దోషమూ లేదు,” అంది. షట్టరు తెరుచుకుంది. నలభై సెకన్ల తర్వాత మూసుకుంది.

నెగటివ్‌లో రంగులు తిరగబడి, ఆమె నల్లటి జుట్టు నారింజ రంగులో తేటగా ఉంది. ఎర్రటి బొట్టు ఆకుపచ్చగా, అంచు చెదరకుండా గుండ్రంగా ఉంది. ముఖంలో ఎక్కడా మసక లేదు.

“చాలా బాగా వచ్చిందమ్మా. నిజమే చెప్పారు,” అంది దర్శిని.

ఫిల్ము ఆరేదాకా ఆమె దానికేసి చూస్తూనే ఉంది. తర్వాత దాన్ని తీసుకుని తిన్నగా న్యాయాధికారి భానోజీ గదిలోకి వెళ్లింది.

ఆయన భూతద్దం పెట్టి చూశాడు. “కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు! ఇంకా సందేహమేముంది డాక్టరు గారూ? పాపను పెదనాన్నకి...”

“ఆగండి. అది నేను అబద్ధం చెబుతూ తీయించుకున్న బొమ్మ.”

భానోజీ భూతద్దం కింద పెట్టాడు. “అయితే ఇప్పుడు మీరు చెబుతున్నది నిజమని ఎలా నమ్మమంటారు?”

ఆమె జవాబు చెప్పబోయింది. భానోజీ తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. కింది పెదవి వణుకుతోంది. కళ్లు ఒక్కచోట నిలవడం లేదు.

ఆయన బంట్రోతును పిలిచి, మేనమామను లోపలికి పంపమన్నాడు.